పనితనం గురించి ఏ పుస్తకాలు చదవాలి, ఎప్పుడు చదవాలి?

ప్రశ్న అడిగినవారు ఆఫీసు ఉద్యోగం చేస్తూనే మూడు నెలలుగా సెలవు రోజుల్లో ఒక ఫర్నిచర్ వర్క్‌షాప్‌కి వెళ్లి పని నేర్చుకుంటున్నారు. వారి ప్రశ్న ఇది: "పనితనం గురించి, ఒక వృత్తిలో చేయి తిరగడం గురించి మంచి పుస్తకాలు చెప్పండి. అసలు చదివితే పని వస్తుందా? ఉద్యోగం మానేసి పూర్తిగా ఇందులోకి దిగమంటారా?"

నేను చెక్కపని చేస్తూ బతికినవాణ్ణి. కొత్తవాళ్లకి నేర్పడం కూడా చాలాకాలంగా నా పనిలో భాగమే. కాబట్టి చివరి ప్రశ్నకి చివర్లో వస్తాను, ముందు చదువు సంగతి. చదివితే పని రాదు. పని చేస్తూ చదివితే మాత్రం తొందరగా వస్తుంది. చిక్కంతా వరసలోనే ఉంది. చాలామంది ముందు పనితనం గొప్పదనాన్ని పొగిడే పుస్తకాలు చదువుతారు, ఉప్పొంగిపోతారు, ఖరీదైన పనిముట్లు కొంటారు, మొదటి జాయింట్ దగ్గరే చతికిలబడతారు. చేతికి ఒక ఇబ్బంది వచ్చాక చదివిన పేజీ ఒంటబడుతుంది. ఇబ్బంది రాకముందు చదివింది మంచి మాటగా మిగిలిపోతుంది, అంతే.

ఉలికి పదును పెట్టడమే తీసుకోండి. 25 డిగ్రీల వాలు, కొస దగ్గర 30 డిగ్రీలు అని ఏ పుస్తకంలోనైనా ఉంటుంది. ఆ అంకెల వల్ల మీకు పెద్దగా ఒరిగేది లేదు. అదే పుస్తకంలో ఇంకో వాక్యం ఉంటుంది: రాయి మీద ఒక వైపు అరగదీస్తుంటే రెండో వైపున సన్నటి బర్, అంటే లోహపు పొర, లేస్తుంది, వేలితో తడిమితే గరుకుగా తగులుతుంది, అంచు పొడవునా అది తగిలేదాకా ఆ వైపు పని అవనట్టే అని. నాలుగుసార్లు పదును పెట్టి, నాలుగుసార్లూ ఉలి తెగక విసుగెత్తిన మనిషికి ఆ వాక్యం దొరికితే ఎగిరి గంతేస్తాడు. మీ మేస్త్రి ఇది మీకు చెప్పి ఉండకపోవచ్చు. దాచిపెట్టి కాదు. ఆయన బొటనవేలు దానంతటది వెళ్లి బర్‌ని తడిమి వస్తుంది, తడిమినట్టు ఆయనకే తెలియదు. బర్ తగిలినప్పుడు ఎలా ఉంటుందో పుస్తకం నేర్పలేదు. అలాంటిది ఒకటుందని, దాని కోసం వెతకమని చెప్పగలదు.

ఈ సంగతిని ఆలోచనగా నిలబెట్టినవాడు మైఖేల్ పోలాన్యీ. 1966లో వచ్చిన 'ది టాసిట్ డైమెన్షన్' అనే చిన్న పుస్తకంలో, మనిషికి తెలిసింది అతను చెప్పగలిగినదానికంటే ఎక్కువ అంటాడు. అంతకు రెండు వందల ఏళ్ల ముందే ఫ్రాన్సులో దెనీ దిద్రోకి ఇదే తలనొప్పి ఎదురైంది. కత్తులు చేసే మనిషి కొడుకు ఆయన. 1751లో మొదలైన తన విజ్ఞాన సర్వస్వంలో వృత్తిపనులన్నీ రాయాలని వర్క్‌షాప్‌లకి వెళ్లి పనివాళ్లని అడిగితే, తమ పని గురించి కాస్త స్పష్టంగా చెప్పగలిగేవాళ్లు వెయ్యిమందిలో పన్నెండుమంది కూడా దొరకడం కష్టమని రాసుకున్నాడు. చివరికి మాటలకంటే బొమ్మల్నే ఎక్కువ నమ్ముకున్నాడు. ఆ బొమ్మలే 11 సంపుటాలయ్యాయి. పనిముట్లు, చేతులు, కూర్చునే తీరు, అన్నీ గీయించాడు.

కాబట్టి మీరు మొదట కొనాల్సింది బొమ్మలున్న పుస్తకం. ఆలోచనల పుస్తకాలు తర్వాత. చెక్కపనికి రాబర్ట్ వేరింగ్ రాసిన 'ది ఎసెన్షియల్ వుడ్‌వర్కర్' చాలు. ఫొటోల హంగు లేదు, ఎక్కువగా గీతల బొమ్మలే. చెక్క ముఖం చదును చేయడం దగ్గర్నుంచి బల్ల, పెట్టె, సొరుగు దాకా ఏ వరసలో ఏం చేయాలో అందులో ఉంటుంది. దీన్ని నవలలా చదివితే నిద్ర వస్తుంది. ఒక జాయింట్ కోసే ముందు రెండు పేజీలు, కోశాక మళ్లీ అవే రెండు పేజీలు చదవండి. రెండోసారి చదివినప్పుడు ఇంతకుముందు కనపడని వాక్యాలు కనిపిస్తాయి. దాని మీద జిగురు మరకలు పడితే పడనివ్వండి. లోహపు పని వైపు వెళ్లేవాళ్లకి 'మెషినరీస్ హ్యాండ్‌బుక్' ఉంది. 1914లో మొదటిసారి వచ్చింది, ఇప్పటికీ కొత్త కూర్పులు వస్తూనే ఉన్నాయి. మర చుట్లు, లోహాల గుణాలు, కోత వేగాల పట్టికలతో లావుపాటి పుస్తకం. దాన్ని ఎవరూ చదవరు, అవసరమైనప్పుడు తిరగేస్తారు. ఏ వృత్తికైనా ఇలాంటిది ఒకటి ఉంటుంది. మీ వర్క్‌షాప్‌లో అందరూ నలిపేసిన పుస్తకం ఏదో చూసి అదే కొనుక్కోండి.

వీడియోల గురించి కూడా అడుగుతారని తెలుసు. చేయి కదిలే తీరు చూడ్డానికి వీడియోని మించింది లేదు. కాకపోతే అందులో కోతలు ఎక్కువ. చెక్క ఎదురుతిరిగిన పావుగంటని కత్తిరించేసి, సాఫీగా సాగిన పది సెకన్లు చూపిస్తారు. అది చూసి "నాకే ఎందుకు రావట్లేదు" అని టెన్షన్ పడకండి.

చేయి కాస్త కుదురుకున్నాక, అంటే మీ విషయంలో బహుశా ఇంకో ఆరు నెలలకి, ఒక సన్నటి పుస్తకం చదవాలి. నా లెక్కలో ఈ జాబితా మొత్తంలో ఒక్కటే మిగుల్చుకోమంటే అదే మిగుల్చుకుంటాను. డేవిడ్ పై (Pye, ఇది ఇంటిపేరు) అనే ఆయన రాసిన 'ది నేచర్ అండ్ ఆర్ట్ ఆఫ్ వర్క్‌మన్‌షిప్', 1968. ఆయన లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లో ఫర్నిచర్ డిజైన్ ప్రొఫెసర్, స్వయంగా చెక్క పాత్రలు చెక్కినవాడు. "చేత్తో చేసింది, మిషన్ మీద చేసింది" అన్న విభజన పనికిరాదంటాడు. దాని బదులు ఇంకోలా విడదీస్తాడు. ఒక రకం పనిలో చివరి క్షణం దాకా పాడయ్యే ప్రమాదం ఉంటుంది, ఫలితం మనిషి జాగ్రత్త మీద, అంచనా మీద, చేతి మీద ఆధారపడుతుంది. రెండో రకంలో పని మొదలవక ముందే ఫలితం ఖాయమైపోయి ఉంటుంది. కలంతో రాయడం మొదటి రకం, అచ్చు వేయడం రెండోది. ఇది ఆయన ఇచ్చిన ఉదాహరణే.

ఇందులో ఏముంది అనిపించవచ్చు. వర్క్‌షాప్‌లోకి తీసుకెళ్లి చూడండి. చెక్కలో గాళ్లు తీసే కరెంటు రూటర్‌ని గైడ్ లేకుండా చేత్తో పట్టుకుని గీత వెంట నడిపారనుకోండి, అది మిషనే అయినా పూర్తిగా ప్రమాదం ఉన్న పని. చేతిరంపానికి పక్కన ఒక చెక్కపలకని ఆనిచ్చి కోశారనుకోండి, చేతిపనే అయినా ప్రమాదం సగానికి సగం పోయింది. ఈ చూపు అలవాటయ్యాక పని మొదలుపెట్టే ముందు ఒక ప్రశ్న దానంతటదే వస్తుంది: ఇక్కడ పాడయ్యే అవకాశం ఎక్కడుంది, దాన్ని దేనితో ఆపగలను? జిగ్ (పనిముట్టు గీత తప్పకుండా పట్టి నడిపించే అమరిక) చేసుకోవాలా, చేతినే నమ్మాలా? మంచి మేస్త్రి రోజంతా చేసే ఆలోచన ఇదే. జిగ్‌లు వాడటం చేతకానితనం అనుకునే కుర్రాళ్లు చాలామంది ఉంటారు. డేవిడ్ పై చదివితే ఆ పిచ్చి వదులుతుంది. నలభై కాళ్లు ఒకేలా కావాలంటే జిగ్ లేకుండా కూర్చున్నవాడు గొప్పవాడేం కాదు, గిట్టుబాటు తెలియనివాడు.

దీనికి జోడీగా జార్జ్ స్టర్ట్ 'ది వీల్‌రైట్స్ షాప్' చదవండి. 1923లో వచ్చింది. ఇంగ్లండ్‌లోని ఫార్నమ్‌లో బండ్లు, చక్రాలు చేసే వర్క్‌షాప్ వాళ్ల కుటుంబానిది. బడిలో పాఠాలు చెప్పుకునే స్టర్ట్ మీద 1884లో ఆ వర్క్‌షాప్ బాధ్యత పడింది. పుస్తకాలు చదివినవాడు, పని తెలియనివాడు, పైగా యజమాని. తన కింద పనిచేసేవాళ్లకి తెలిసింది తనకి తెలియదని రోజూ తెలిసొచ్చేది. మీ పరిస్థితికి ఇంతకంటే దగ్గరి పుస్తకం నాకు తట్టడం లేదు.

అందులో ముఖ్యంగా చూడాల్సింది చెక్క ఎంపిక. చక్రం నడిమి కుండకి ఎల్మ్, ఆకులకి ఓక్, అంచున ఉండే పూటీలకి యాష్. ఎల్మ్ అంత తేలిగ్గా చీలదు, అన్ని ఆకుల్ని దిగ్గొట్టినా పగలకుండా నిలుస్తుంది. ఓక్ బరువు మోస్తుంది. యాష్ కుదుపులకి వంగి కోలుకుంటుంది. చెట్టు కొన్నాక అది ఆరడానికి ఏళ్లు పడుతుంది, అంటే ఈ ఏడాది కొన్న చెక్క ఎప్పుడో రాబోయే పనికి. చక్రం పళ్లెంలా కొద్దిగా లోతుగా ఉండటం గురించి ఒక అధ్యాయం ఉంది, దాని దగ్గర ఆగి ఆగి చదవండి. పనివాళ్లందరూ అలాగే చేస్తారు, ఎందుకో అడిగితే సమాధానం ఉండదు. గుర్రం నడిచేటప్పుడు బండి అటూ ఇటూ ఊగుతుంది, ఆ పక్క తోపుకి బల్లపరుపు చక్రం తట్టుకోలేదు అని స్టర్ట్ తర్వాత తనంతట తాను తేల్చుకున్నాడు. కారణం తెలియకపోయినా పని సరిగ్గా చేసినవాళ్లు, పని చేతకాకపోయినా కారణం వెతికినవాడు, ఇద్దరూ ఒకే కప్పు కింద ఉన్నారు. మీరు రెండూ కావాలి కాబట్టి ఇది చదవమంటున్నాను.

ఇక ఎవరూ సాధారణంగా సూచించని పుస్తకం ఒకటి చెప్తాను. జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ రాసిన 'సిట్యుయేటెడ్ లెర్నింగ్', 1991. భాష కాస్త మోటు, విశ్వవిద్యాలయం వాసన వస్తుంది. కానీ శిష్యరికం ఎలా పనిచేస్తుందో, ఎక్కడ చెడిపోతుందో అందులో ఉన్నంత తేటగా ఇంకెక్కడా చదవలేదు. లైబీరియాలో దర్జీల దగ్గర పని నేర్చుకునే కుర్రాళ్లు బట్ట కత్తిరించడంతో మొదలుపెట్టరు. బొత్తాలు కుట్టడం, అంచులు మడిచి కుట్టడం ముందు. తర్వాత ముక్కలు కలిపి కుట్టడం. కత్తిరింపు ఆఖరున. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కత్తెర తప్పితే బట్ట పోతుంది, అది ఒక కారణం. రెండోది ఇంకా లోతైనది: పూర్తయిన చొక్కా ఎన్నోసార్లు చేతిలోకి వచ్చాక ఏ ముక్క ఎందుకు ఆ ఆకారంలో ఉందో కత్తెర పట్టకముందే తెలిసిపోతుంది. మీ మేస్త్రి మూడు నెలలుగా మీ చేత ఉప్పుకాగితం రుద్దిస్తున్నాడని బాధపడుతుంటే, ఆయన పద్ధతిలో లోపం లేకపోవచ్చు. రుద్దేటప్పుడు ప్రతి జాయింట్ మీ వేళ్ల కిందికి వస్తుంది. ఏ జాయింట్ దగ్గర ఎత్తుపల్లాలున్నాయో, గ్రెయిన్, అంటే చెక్క నారల వరస, ఎటు తిరిగిందో గమనిస్తున్నారా లేదా అన్నదే తేడా.

అయితే అదే పుస్తకంలో దీనికి వ్యతిరేకమైన ఉదాహరణ ఉంది. అమెరికా సూపర్‌మార్కెట్లలో మాంసం కోసే పని నేర్చుకోవడానికి చేరిన కుర్రాళ్లని ప్యాకింగ్ మిషన్ దగ్గర నిలబెట్టారు. ఆ పనికి వాళ్లు చవగ్గా దొరుకుతారు కదా. ఆ మిషన్ ఉన్నచోటి నుంచి చేయి తిరిగినవాళ్లు మాంసం కోయడం కనిపించదు, వాళ్ల మాటలు వినిపించవు. ఏళ్లు గడిచినా కోత రాదు. నేను కొత్తవాళ్లకి ఎప్పుడూ చెప్పేది ఇదే: మీకు ఏ పని ఇచ్చారన్నది రెండో సంగతి, ఆ పని చేస్తూ తల ఎత్తితే మేస్త్రి చేతులు కనిపిస్తున్నాయా అన్నది మొదటి సంగతి. కనిపించకపోతే బల్ల జరపమని అడగండి. కుదరదంటే ఇంకో వర్క్‌షాప్ చూసుకోండి.

పదివేల గంటల మాట మీ చెవిన పడే ఉంటుంది. 1993లో ఆండర్స్ ఎరిక్సన్, ఆయన సహచరులు బెర్లిన్‌లోని వయొలిన్ విద్యార్థుల మీద చేసిన పరిశోధనలోంచి పుట్టింది ఆ అంకె. మాల్కం గ్లాడ్‌వెల్ 2008లో 'అవుట్‌లయర్స్'లో దాన్ని సూత్రంలా ప్రచారం చేశాడు. అది అందరూ చేరాల్సిన గీత కాదని, ఇరవై ఏళ్ల వయసుకి మంచి విద్యార్థులు చేసిన సాధన సగటు మాత్రమేనని ఎరిక్సన్ 'పీక్' పుస్తకంలో విసుక్కున్నాడు. చదివితే 'పీక్' చదవండి, గంటలు లెక్కపెట్టే పుస్తకాలు వదిలేయండి. అందులో మీకు పనికొచ్చేది ఒకటే: పని చేయడం వేరు, సాధన చేయడం వేరు. వర్క్‌షాప్‌లో డబ్బు వచ్చేది పూర్తయిన వస్తువుకి, సాధనకి ఎవరూ ఇవ్వరు. అందుకే చాలామంది ఇరవై ఏళ్లు పనిచేసినా మూడో ఏడాది దగ్గరే ఉండిపోతారు. తెలిసిన దారిలోనే వేగం పెరుగుతుంది, అంతే. పని ముగిశాక అరగంట, పారేసే చెక్కముక్క మీద, మీకు చేతకాని ఒక్క కోతనే కోయండి. కోసిన ముక్క మీద తేదీ, ఎక్కడ గీత తప్పిందో పెన్సిల్‌తో రాసి ఒక పెట్టెలో వేయండి. నెల తర్వాత ఆ పెట్టె బోర్లిస్తే మీ చేయి ఎప్పుడూ ఒకే వైపుకి పోతోందని కనిపిస్తుంది. ఏ పుస్తకమూ మీ చేతి గురించి ఆ సంగతి చెప్పలేదు.

రిచర్డ్ సెన్నెట్ 'ది క్రాఫ్ట్స్‌మన్' (2008) గురించి అందరూ చెప్తారు కాబట్టి తప్పదు. గొప్ప చదువరి, మధ్యయుగపు కంసాలుల నుంచి లినక్స్ అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల దాకా అందర్నీ తెచ్చి ఒకే బల్ల చుట్టూ కూర్చోబెడతాడు. అదే దాని అందం, అదే దాని ఇబ్బంది కూడా, ఒక్కోసారి ఎక్కడ మొదలుపెట్టాడో మరిచిపోతాం. మొత్తం చదవలేకపోతే రెండు భాగాలు చాలు. ఒకటి ఇటలీలో వయొలిన్లు చేసిన స్ట్రాడివారి వర్క్‌షాప్ గురించి. 1737లో ఆయన పోయాక కొడుకులు అదే ఇంట్లో, అవే పనిముట్లతో పనిచేసినా ఆ స్థాయి అందలేదు. గురువు దగ్గరే ఉన్నంత మాత్రాన అంతా దిగిపోదని దాన్నిబట్టి అర్థమవుతుంది. రెండోది కోడి ఎముకలు తీసే పద్ధతిని వేర్వేరు వంట రచయితలు ఎలా చెప్పారో పోల్చిన అధ్యాయం. చేతిపనిని మాటల్లో చెప్పడం ఎంత కష్టమో, ఎన్ని దారులున్నాయో దానిలో తెలుస్తుంది. రేపు మీ కింద ఒక కొత్త కుర్రాడు చేరినప్పుడు పనికొచ్చేది అదే.

పనితనాన్ని ప్రేమగా రాసిన పుస్తకాల్లో జేమ్స్ క్రెనోవ్ 'ఎ క్యాబినెట్‌మేకర్స్ నోట్‌బుక్' (1976) చదవకుండా ఉండలేరు. చదవండి, కానీ వెంటనే సోయెత్సు యనాగి 'ది అన్‌నోన్ క్రాఫ్ట్స్‌మన్' కూడా తెరవండి. క్రెనోవ్ ఒక్క చెక్కపలక ముందు రోజులు గడపగల మనిషి. యనాగి అందుకు ఎదురుగా నిలబడతాడు: పేరు కూడా మిగలని పనివాళ్లు, రోజూ వాడే గిన్నెల్ని వందలకొద్దీ చేస్తూ, అందం గురించి ఆలోచించకుండానే అందంగా చేశారంటాడు. మొదటిదే చదివితే మీరు నెలకి ఒక పెట్టె చేసి దాన్ని అమ్మడానికి మనసొప్పక కూర్చుంటారు. కళాకారుడు అనిపించుకోవాలన్న తహతహ కొత్తవాళ్ల చేతుల్ని బిగుసుకుపోయేలా చేస్తుంది, నేను చూస్తూనే ఉన్నాను.

పాతవాటిలో ఒక్కటి. 1400 ప్రాంతంలో ఇటలీ చిత్రకారుడు చెన్నినో చెన్నిని రాసిన పనిపుస్తకం. ఒక ఏడాది చిన్న పలక మీద గీతలు, ఆరేళ్లు రంగులు నూరడం, జిగురు కాచడం, పలకలు సిద్ధం చేయడం, ఇంకో ఆరేళ్లు రంగులు వేయడం అంటాడు. పండగ రోజైనా గీయడం మానొద్దట. ఆరు వారాల కోర్సుల ప్రకటనలు చూసినప్పుడల్లా ఆ పేజీ గుర్తొచ్చి నవ్వొస్తుంది.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. మాథ్యూ క్రాఫర్డ్ 'షాప్ క్లాస్ యాజ్ సోల్‌క్రాఫ్ట్' (2009) మీ చేతికి ఈపాటికే వచ్చి ఉంటుంది. రాజనీతి తత్వశాస్త్రంలో డాక్టరేట్ చేసి, ఒక మేధో సంస్థలో ఉద్యోగం వదిలేసి, మోటార్ సైకిళ్లు బాగుచేసే షాపు పెట్టుకున్న మనిషి. బండి స్టార్ట్ అయిందా లేదా అన్నదే తీర్పు, బాస్ మెప్పు కాదు అంటాడు. నిజమే. చెడిపోయిన ఇంజన్ ముందు మెకానిక్ ఎలా ఆలోచిస్తాడో చెప్పిన పేజీలు బంగారం. కానీ అది చదివిన రాత్రి రాజీనామా రాయకండి. ఆ మత్తు దిగడానికి ఓలే థోర్‌స్టెన్సెన్ 'మేకింగ్ థింగ్స్ రైట్' చదవండి. నార్వే వడ్రంగి, ఓస్లోలో ఒక ఇంటి అటకని గదులుగా మార్చిన పని మొత్తం, మొదటి ఫోన్ కాల్ నుంచి తాళాలు అప్పగించేదాకా రాశాడు. కొటేషన్ వేయడం, మిగతా కాంట్రాక్టర్లతో పోటీ, ఇంటివాళ్ల మనసు మారడం, ఆర్కిటెక్ట్ కాగితం మీద గీసింది అక్కడ కుదరకపోవడం, నడుం నొప్పి, బిల్లు. వృత్తి అంటే ఇది. నీనా మెక్‌లాక్లిన్ 'హ్యామర్ హెడ్' (2015) కూడా దాని పక్కన బాగుంటుంది. పత్రికలో ఉద్యోగం మానేసి ఒక మహిళా వడ్రంగి దగ్గర సహాయకురాలిగా చేరింది, మోతలు మోయడం దగ్గర్నుంచి మొదలైంది.

థోర్‌స్టెన్సెన్ పుస్తకంలో లెక్కల పేజీలు మీకు విసుగనిపిస్తే ఇది మీకు సెలవు రోజుల పనిగానే బాగుంటుంది, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఆ పేజీలు ఆసక్తిగా సాగి, "ఈ పనికి నేనైతే ఎంత వేసేవాణ్ణి" అని పక్కన కాగితం మీద లెక్కేస్తుంటే, అప్పుడు మీ మేస్త్రితో మాట్లాడండి. వారానికి ఇంకో రోజు పెంచి, జీతం లేకుండా కాదు, ఎంతో కొంత జీతానికే రమ్మంటాడేమో అడగండి. ఆయన ఒప్పుకుంటాడా లేదా అన్నదాన్ని బట్టి మీ చేయి ఎంతవరకు వచ్చిందో కూడా తెలుస్తుంది.

ఇవన్నీ ఇంగ్లీషులో దొరికేవే. ఇంగ్లీషు కష్టమైతే వేరింగ్ పుస్తకంతో ఇబ్బంది ఉండదు, బొమ్మలే సగం పని చేస్తాయి. డేవిడ్ పై వాక్యాలు మాత్రం మెల్లగా చదవాలి, రోజుకి రెండు మూడు పేజీలకి మించొద్దు. ఈ నెల వేరింగ్ ఒక్కటే కొనండి, మిగతావి తొందరేం లేదు.